పెద్దకూరకు కొరియా పేరు

భాష మారినను, వేషము మారినను, ఊరు మారినను మనుష్యుని విడువక వెంట వచ్చునది నాలుక రుచి. అందుచేతనే సంస్కృతిని గూర్చి వెలువడు ప్రతి సంచికలోను వంటకొక వ్యాసము తప్పక యుండును. గోంగూర పచ్చడి, పులిహోర, బొబ్బట్లు, ఆవకాయ - వీనిని గూర్చి మన సంఘములు వ్రాసినంత మరి దేనిని గూర్చియు వ్రాసి యుండవు. వ్రాయుట మంచిదే. అయితే వ్రాయక విడిచినవాని పట్టిక అంతకంటె పెద్దది. అట్లు విడిచినవానిలో ఒకటి నేడు విదేశపు పేరు పెట్టుకొని, దొడ్డిదారిన గాక వీధివాకిటనే మన ఇండ్లలో ప్రవేశించుచున్నది. దానిని గూర్చి నాలుగు మాటలు నిర్మొగమాటముగా చెప్పుటకే ఈ వ్యాసము.

ఆ వంటను మనవారు కొరియా ఖైమా యనుచున్నారు. గొడ్డుమాంసపు ఖైమాను సోయా సాసు, బెల్లము, అల్లము, వెల్లుల్లి, నువ్వులనూనెలతో ఇరువది నిమిషములలో వేయించి వేడి అన్నము మీద వడ్డించుట దాని లక్షణము. సాయంకాలము పని ముగించి ఇల్లు చేరిన దంపతులకును, గది తీసికొని స్వయంపాకము చేసికొను యువకులకును అది అనుకూలమైన భోజనము. చేసినవారు ఛాయాచిత్రము తీసి బంధువులకు పంపుచున్నారు. చూచినవారు మెచ్చి పాళ్లు అడిగి వ్రాసికొనుచున్నారు. ఏమి మాంసమని అడుగువారు అరుదు. అడిగినను 'కొరియా వంట కదా' యను ప్రత్యుత్తరముతో సందేహము తీరిపోవుచున్నది. మా తగవు ఆ ప్రత్యుత్తరముతోనే.

శోళవరము వారికి కొరియా ఎంతో దూరపు దేశము కాదు. రెండవ ప్రపంచయుద్ధకాలమున ఇచ్చట వేసిన విమానపు బాట మీద ఏండ్ల తరబడి మోటారు పందెములు జరిగెను. 1990లో ఆ పందెములకు శ్రీపెరుంబుదూరు చేరువనున్న ఇరుంగాట్టుకోట్టైలో క్రొత్త బాట ఏర్పడెను. కొలది సంవత్సరములకు కొరియా దేశపు హ్యుందాయ్ సంస్థ ఆ ఇరుంగాట్టుకోట్టైలోనే కర్మాగారము నిర్మించి, 1998లో శాంట్రో కారును విపణిలోనికి తెచ్చెను. కొరియా కుటుంబములు చెన్నపట్టణమున కాపురము పెట్టెను. వారి వెంట వారి భోజనశాలలును వచ్చెను. 2017లో కియా సంస్థ అప్పటి అనంతపురము జిల్లాలోని పెనుకొండ దాపున కర్మాగారమునకు ఒప్పందము చేసికొని 2019లో ఉత్పత్తి ప్రారంభించెను. ఇట్లు తమిళనాటను తెలుగునాటను కొరియా మాట చెవిని బడుచునే యున్నది. ఆ దేశపు నాటకములు చేతిలోని తెర మీద ఇంటింట ఆడుచున్నవి. కావున కొరియా వంట రాకతప్పదు, రావలసినదే.

మా తగవు వంటతో గాదని ముందే స్పష్టము చేయుట న్యాయము. అందులో తెలివి యున్నది. కొరియావారు 'పుల్గోగి' యందురు. ఆ మాటకు నిప్పుమాంసమని యర్థము. మాంసమును పలుచని పొరలుగా కోసి, సోయా సాసు, తీపి, వెల్లుల్లి, నువ్వులనూనెలలో నానవేసి, నిప్పుల మీద కాల్చుట దాని అసలు పద్ధతి. అంత తీరిక లేని అమెరికా ఇండ్లలో పొరలకు బదులు ఖైమా వచ్చినది, నానవేయుట తొలగినది, పాళ్లు మాత్రము మిగిలినవి. ఆ సంక్షిప్తరూపమే మనకు చేరినది.

అర కిలో ఖైమాకు పావు కప్పు సోయా సాసు, రెండు మూడు చెంచాల బెల్లపు తురుము, నాలుగైదు వెల్లుల్లి రెబ్బలు, అంగుళము అల్లము, తగినన్ని ఎండుమిరప పలుకులు చాలును. వెడల్పైన బాణలి బాగుగా కాగిన పిమ్మట మాంసమును పరచి రెండు మూడు నిమిషములు కదపక విడువవలయును. ఆత్రపడి కలియబెట్టినచో నీరూరి మాంసము ఉడుకునే కాని వేగదు. ఎఱ్ఱగా వేగిన అడుగుననే రుచి యున్నది. ముద్దలు విడగొట్టి అంతయు వేగిన తరువాతనే బెల్లమును సోయా సాసును చేర్చవలయును. ముందే చేర్చిన బెల్లము మాడును. ఉప్పు వేరుగా అక్కరలేదు. సోయా సాసులోనే అది సమృద్ధిగా నున్నది. కొరియావారి నువ్వులనూనె వేయించిన నువ్వులనుండి తీసినది; అది వేపుడునకు గాక, దించిన పిదప సువాసనకై చల్లుకొనదగినది. మన గానుగనూనె పచ్చినువ్వులది; దానితో వేయించి, తుదకు దోరగా వేపి దంచిన నువ్వులపొడి చల్లినచో ఆ కొరత తీరును. ఉల్లికాడలు తరిగి పైన వేసికొనుటయే తరువాయి. ఒక జాగ్రత్త మాత్రము మరువరాదు. ముక్కకు పైభాగముననే యుండు సూక్ష్మక్రిములు ఖైమా కొట్టినప్పుడు లోపలికంతట కలిసిపోవును. కావున పచ్చిదనము మిగులనీయక, లోపలివరకు 71 సెంటీగ్రేడు డిగ్రీల వేడి తగులునట్లు చేయవలయును. ప్రక్క ప్రొయ్యి మీద అన్నము ఉడుకునంతలో కూర సిద్ధము.

ఇప్పుడు పాఠకులు ఒక్క క్షణ మాలోచింతురు గాక. ఇందులో మనకు క్రొత్తది యేది? అన్నము మనది. అల్లము, వెల్లుల్లి, మిరప, నువ్వులు, బెల్లము మన అంగడిలోనివి. సోయా సాసు ఒక్కటియే పరాయిది. అదియు చైనా భోజనశాలల పుణ్యమా యని మనకు చిరపరిచితమే. ఇక మిగిలినది మాంసము. అది ఎంతమాత్రమును క్రొత్తది కాదు. తెలుగునాట దానికి పెద్దకూర యని పేరు. మాదిగపల్లెలలో, మాలపల్లెలలో, ముస్లిముల ఇండ్లలో, అనేక క్రైస్తవ కుటుంబములలో అది తరతరముల వంట. దుక్కిలో అరిగిన ఎద్దు మాంసము గట్టిది. దానిని ఉల్లిపాయ, పసుపు, కారములతో కుండలో గంటల తరబడి ఉడికించి, గోంగూరయో చింతచిగురో చేర్చి మెత్తబరచు నేర్పు ఆ ఇండ్ల స్త్రీలది. ఒకనాటికి మించిన మాంసమును సన్నని పేలికలుగా కోసి, ఉప్పు పసుపు రాచి, త్రాటిమీద ఎండబెట్టి తునకలుగా దాచుకొని వానకాలమునకు నిలువచేయు విద్య వారిది. శీతలపేటికలు లేని కాలమున మాంసమును మాసముల తరబడి కాపాడిన ఆ విద్యను గూర్చి మన సంచికలలో ఒక్క పుటయైన కలదా? హైదరాబాదు కల్యాణీ బిర్యానీని గూర్చి ఎవరైన వ్రాసినను, అందులోని మాంసము మేకదో గొఱ్ఱెదో కాదని చెప్పుటకు కలము జంకును.

కూర ఒక్కటే, పొయ్యి ఒక్కటే, నాలుక ఒక్కటే. పేరు మారగానే మర్యాద మారినది. పెద్దకూర యన్నచో ముక్కు మూసికొనువారు పుల్గోగి యన్నచో పళ్లెము చాపుచున్నారు. 2012 ఏప్రిల్ మాసమున ఉస్మానియా విశ్వవిద్యాలయములో విద్యార్థులు పెద్దకూర పండుగ జరిపినప్పుడు ఘర్షణ చెలరేగినది. తెలుగు సంస్కృతికి ముప్పు వచ్చెనని కేకలు వినవచ్చినవి. కొరియా భోజనశాలలో అదే మాంసము కాలుచుండగా సంస్కృతికి ఏ ముప్పును వాటిల్లలేదు! చెన్నపట్టణమున అద్దె యింటి ప్రకటనలలో 'శాకాహారులకు మాత్రమే' యను మాట ఎందరిని గుమ్మము దాటనీయలేదో నగరవాసులెరుగుదురు. ఆ మాట వ్రాయించిన వారి ఇంటనే కొరియా పేరుతో విందులు జరుగుట కద్దు. ఇది రుచి మీది ద్వేషము కాదు, మాంసము మీది జుగుప్సయు కాదు. తిను మనిషి మీది చిన్నచూపు. ఆ చిన్నచూపునకు రుచి ఒక సాకు.

దీనికి పెద్దలు మూడు సమాధానములు చెప్పుదురు. మొదటిది: విదేశపు వంటను విదేశపు వంటగా తినుచున్నాము, మన యాచారముతో దానికి సంబంధము లేదు. ఆచారము మాంసమును బట్టి యున్నచో దేశము మారినంత మాత్రమున అది మారరాదు. మారినచో అది ఆచారము కాదు, హోదా. రెండవది: శుభ్రత. తెలిసిన కసాయి యంగడిలో కొని, నాడే వండి, గంటల తరబడి ఉడికించిన కూర కంటె, ఎప్పుడో కొట్టి గడ్డకట్టించిన ఖైమా శుభ్రమైనదని ఏ వైద్యుడు చెప్పెను? శుభ్రత కత్తికి, చేతికి, వేడికి సంబంధించినది; కులమునకు సంబంధించినది కాదు. మూడవది: మన ప్రాచీన సంస్కృతిలో ఇది లేదు. చరకసంహితలోని అన్నపానవిధి యధ్యాయము తిరుగవేసిన వారికి గోమాంస గుణములు కూడ అందు పేర్కొనబడి యుండుట కనబడును. మేము దానిని ప్రమాణముగా చూపి ఎవరిచేతను తినిపింపగోరము. లేదనుట మాత్రము సత్యము కాదని చెప్పుచున్నాము.

కొరియా పేరున గౌరవము సంపాదించిన ఈ మాంసమునకు కొరియాలోనే గల చరిత్రను మనవారు తెలిసికొనుట మంచిది. అచ్చటి జొసాన్ రాజులు దుక్కిటెద్దులను కాపాడుటకై పశువధను నిషేధించుచు పలుమారు శాసనములు చేసిరి. అయినను మాంసము తినువారు తినిరి. కోసిన వారు మాత్రము అంటరానివారైరి. వారిని 'పెక్‌జాంగ్' అనిరి. పశువును కోయుట, తోలుపని, బుట్టలల్లుట వారి వృత్తులు. వారు వేరుగా నివసింపవలయును. పెద్దమనుషులు ధరించు టోపీ వారు ధరింపరాదు. సామాన్యుల బిడ్డల యెదుటనైన తలవంచవలయును. మాదిగపల్లె నెరిగినవారికి ఈ వర్ణన ఎక్కడిదో చెప్పనక్కరలేదు. 1894 నాటి సంస్కరణలు చట్టరీత్యా ఆ అంతరమును తొలగించినను సంఘము తొలగింపలేదు. వారి బిడ్డలకు బడులలో చోటు దొరకలేదు. 1923 ఏప్రిలులో చిన్‌జూ పట్టణమున వారు 'హ్యోంగ్‌ప్యోంగ్‌సా' యను సంఘమును స్థాపించిరి. హ్యోంగ్‌ప్యోంగ్ అనగా త్రాసు సమముగా నిలుచుట. మాంసము తూచు త్రాసునే మనుష్యులను తూచుటకును వారు గురుతుగా గ్రహించిరి. అగ్రవంశీయుడైన కాంగ్ సాంగ్-హో వారి పక్షమున నిలిచెను. ఎదిరించినవారు గొడ్డుమాంసము కొనము, తినము అని బహిష్కారము ప్రకటించిరి. నేడు అదే మాంసపు వంట ఆ దేశపు గౌరవచిహ్నముగా లోకమంతట తిరుగుచున్నది. మనవారు ఆ వంటను తెచ్చుకొనిరి. ఆ త్రాసును తెచ్చుకొనలేదు.

ఆ త్రాసు అన్నిచోట్లకంటె ఈ తమిళనాట తెలుగువారికి ఎక్కువ యవసరము. ఎందుచేత నందుమా? ఇచ్చట తెలుగు మాటలాడు జనములో అరుంధతీయులు పెద్ద భాగము. ఈ రాష్ట్రపు షెడ్యూల్డు కులముల పట్టికలో మాదిగ, ఆది ఆంధ్ర యను పేర్లు నేటికిని ఉన్నవి. చెన్నపట్టణపు వీధులను తరతరములుగా ఊడ్చినవారిలో ఎందరో ఇంట తెలుగు మాటలాడువారు. 2009లో ఈ రాష్ట్రము అరుంధతీయులకు షెడ్యూల్డు కులముల వాటాలో మూడు శాతము ప్రత్యేకించుచు శాసనము చేసెను. అట్టి వర్గీకరణము చెల్లునని సుప్రీము కోర్టు 2024లో తీర్పు చెప్పెను. తమిళనాట తెలుగువారి సంఖ్య ఇంత యని సభలలో చెప్పుకొనునప్పుడు మన సంఘములు వీరినందరను లెక్కలో చేర్చును. తెలుగు వంటల పట్టిక వ్రాయునప్పుడు మాత్రము వీరి పొయ్యిని తీసివేయును. తలలు లెక్కకు కావలెను, కుండలు అక్కరలేదు! ఇట్టి కూడికలు తీసివేతలు ఏ గణితశాస్త్రము నందున్నవో మాకు తెలియదు.

కొందరు మరియొక వాదము చేయుదురు. అణగారిన కులముల సంస్కర్తలే ఈ మాంసమును మానుమని బోధింపలేదా యని. ఇది విచారింపదగిన ప్రశ్న. 1917లో బెజవాడలో భాగ్యరెడ్డి వర్మ అధ్యక్షతన జరిగిన ఆది ఆంధ్ర మహాసభతో ఆరంభమైన చైతన్యములో ఆహారనియమముల మాట కూడ పలుచోట్ల వినబడినది. 1927లో మహాడ్‌లో అంబేద్కరు చచ్చిన పశువుల మాంసము తినుట మానుడని చెప్పెను. అయితే ఆయన నిరసించినది రుచిని కాదు. చచ్చిన గొడ్డును లాగుట మీ విధి, దాని మాంసమే మీ కూలి యని ఊరు విధించిన దాస్యమును. ఆయనయే 1948లో వెలువరించిన అంటరానివారి చరిత్రలో ఈ మాంసమునకును అస్పృశ్యతకును గల సంబంధమును సవిస్తరముగా చర్చించెను. పరువు కొరకు కూడు మానుకొనవలసి వచ్చుట ఒక తరము చెల్లించిన సుంకము. ఆ సుంకము వసూలు చేసినవారి మనుమలు నేడు అదే కూడును పింగాణి పళ్లెములో పెట్టుకొని తినుచు, మీ పెద్దలే మానుమనిరి కదా యని వీరికి బోధించుట న్యాయమా?

మేము ఎవరిని తినుమని కోరుటలేదు. ఆవును పూజించువారి భక్తి వారిది. దానిని గేలిచేయువారితో మాకు పొత్తు లేదు. శాకాహారి ఇంట శాకము వండుకొనుట ఎంత సహజమో, తినువారి ఇంట మాంసము వండుకొనుట అంత సహజము. చట్టము హద్దులు కూడ ఉన్నవి. తమిళనాట 1958 నాటి శాసనము ప్రకారము పదియేండ్లు దాటి పనికిని సంతానోత్పత్తికిని పనికిరాదనియో, గాయము, అంగవైకల్యము, నయముకాని వ్యాధి వలన వానికి శాశ్వతముగా అశక్తమైనదనియో అధికారి ధ్రువపరచిన పశువునే కోయవలయును; ఆంధ్రదేశమున 1977 నాటి శాసనము గోవధను నిషేధించినది. ఆ హద్దులలో నుండి కొన్నది ఎద్దుమాంసమైనను బఱ్ఱెమాంసమైనను, వండువాని కులమును బట్టి దానికి పవిత్రతయు మైలయు ఏర్పడవు. మేకమాంసము కొనలేని కుటుంబమునకు ఇది అందుబాటు వెలకు లభించు బలమైన ఆహారము. అందుచేత దీనిని హీనపరచుట పేదవాని కంచమును హీనపరచుటయే.

శోళవరము చెరువు గట్టున నిలిచి చూచిన మరియొక సత్యము తోచును. 1983లో కుదిరిన తెలుగుగంగ యొప్పందము వలన కృష్ణాజలము 1996లో ఈ సీమకు చేరినది. కండలేరునుండి పూండికి, పూండినుండి శోళవరమునకు, ఇచ్చటినుండి పుళల్‌కు ఆ నీరు పోవును. నెల్లూరు, చిత్తూరు సీమలలో ఏ కులము వారి పొలముల ప్రక్కగా అది ప్రవహించినదో ఎవరును అడుగరు. ఆ నీటితో వండిన అన్నమును అందరును తినుచున్నారు. కాలువకు లేని కులము కుండకు ఎందులకు?

కావున మా కోరికలు మూడు. మొదటిది: ఇకమీదట తెలుగు వంటలని పేరు పెట్టి గ్రంథము వేయువారు పెద్దకూరను, తునకలను చేర్చవలయును; చేర్చుట ఇష్టము లేనిచో తమ గ్రంథమునకు 'కొన్ని కులముల వంటలు' అని పేరు పెట్టవలయును. రెండవది: అరుంధతీయుల పేటలలోని వృద్ధస్త్రీలను కలిసి, వారు చెప్పు పాళ్లను వ్రాసికొని, వారి సమ్మతితో వారి పేరుననే అచ్చువేయవలయును, పెట్టిన చేయి ఎవరిదో తెలియని వంట అనాథ. మూడవది: ఇంట కొరియా ఖైమా వండుకొనువారు సుఖముగా వండుకొనవలయును, కాని బంధువు 'ఏమి మాంసము?' అని అడిగినప్పుడు దేశము పేరు చెప్పక మాంసము పేరు చెప్పవలయును, అదియు తెలుగులో చెప్పవలయును.

ఈ మూడవ కోరిక చిన్నదిగా తోచవచ్చును. నెరవేర్చుటకు మాత్రము అదియే కష్టము. ఇరువది నిమిషములలో కూర వేగును. పెద్దకూర యను మాట నోట వెడలుటకు మనవారికి ఎన్ని తరములు పట్టునో చూడవలయును. ఆ మాట వెడలిన నాడు శోళవరపు తెలుగు సంఘపు విందులో కూర్చుండుటకు వాడలనుండి వచ్చినవారికి వేరు పంక్తి వెదకనక్కర యుండదు.